పుల్ల పెట్టిన పేజీ

ఈ మండలంలో నేను బయటికి తీయించలేని కాగితం ఇంతవరకూ పుట్టలేదు. మాటవరసకు అనడం లేదు. మా ఊరి బడిలో ఐదో తరగతి దాకా చదివాను, అందులో రెండేళ్లు మాస్టారి గేదెను కాశాను. ఆ చదువుతోనే ఇరవై ఎనిమిదేళ్లుగా మండలాఫీసు గేటు పక్కన నీలం టార్పాలిన్ పట్టా కింద మడత బల్ల వేసుకుని అర్జీలు రాస్తున్నాను. సమాచార హక్కు చట్టం అంటూ ఈ మధ్య కుర్రాళ్లు నాకు పాఠాలు చెబుతుంటారు గానీ, ఆ చట్టం పుట్టేనాటికే నా బల్లకు ఒక కాలు అరిగిపోయింది. తాత పుట్టిన తేదీ కావాలా, తోట గట్టు ఎవరిదో తేలాలా, త్రినాథరావు దగ్గరికి రావలసిందే. ఒకాయన తనకు పెళ్లయిందో లేదో తేల్చమని వచ్చాడు. తేల్చి ఇచ్చాను. కాలేదని తేలింది. పాపం, అప్పటికే నలుగురు పిల్లలు.

నా సంగతి అలా ఉంచి, గవర్రాజు సంగతి చెబుతాను.

ఆ శుక్రవారం పది గంటలకు గవర్రాజు రికార్డు గది తలుపు తీస్తున్నాడు. ఉప్పుగాలికి ఉబ్బిన ఆ తలుపు మామూలుగా తీస్తే రాదు. ముందు తాళం తీసి ఎడమ భుజంతో ఒక తోపు తోయాలి. తరువాత కాలి బొటనవేలు తలుపు కింద దూర్చి కాస్త పైకి లేపాలి. అప్పుడు ముసలి ఆవు లేచినట్టు మూలిగి తెరుచుకుంటుంది. ముప్పై ఒక్క ఏళ్లు అలా తోసి తోసి అతని ఎడమ భుజం కుడిదానికన్నా రెండు వేళ్లు కిందికి దిగిపోయింది. దర్జీ కూడా అతని ఖాకీ చొక్కాను ఆ వంకరకు తగ్గట్టే కుట్టేవాడు.

సన్నటి మనిషి. చెవుల్లో తెల్లని వెంట్రుకలు, గోళ్ల చుట్టూ కడిగినా పోని నలుపు. పోర్టు వైపు నుంచి గాలి వీచినప్పుడు బొగ్గు పొడి మా అందరి మీదా పడుతుంది కానీ, అతని మీద పడింది వేరే పొడి. డెబ్బై ఎనభై ఏళ్ల కాగితాలు అరిగి రాలిన పొడి. లోపలికి వెళ్లగానే తువ్వాలు ముక్కుకు అడ్డంగా కట్టేవాడు. ఆ తువ్వాలు వెనక నుంచి అతని దగ్గు రోజంతా నాకు వినిపిస్తూనే ఉండేది.

ఆఫీసుకు కొత్త కొబ్బరి చీపురు వస్తే అది నేలకు తగలకముందే గవర్రాజు పది పుల్లలు లాగి చెవి వెనక దోపుకునేవాడు. కావలసిన పేజీ దొరికితే అక్కడ పుల్ల పెట్టేవాడు. పెట్టేముందు దాని కొసను పళ్లతో నమిలి మెత్తన చేసేవాడు. ఎందుకలా నములుతావని అడిగితే, "పాత కాయితం బావా, గుచ్చుకుంతాది," అన్నాడు. నా కాలికి మేకు గుచ్చుకున్న రోజున కూడా అతను అంత దయగా మాట్లాడలేదు.

ఆ గదిలో ఇరవై రెండు ఊళ్ల పుస్తకాలున్నాయి. పుట్టినవాళ్లు, పోయినవాళ్లు, పొలాలు, గట్లు. పదేళ్ల కిందట అక్టోబరు తుఫానుకు ఆ గది పైరేకులు లేచిపోయి అవి మూడు రోజులు నీళ్లలో నానాయి. ఆ తుఫానులో ఒక ఊరి పుస్తకం ఎగిరి సముద్రంలో పడిందనీ, పదో రోజున భీమిలి జాలరి వలకు చిక్కిందనీ, అందులో చచ్చిపోయినవాళ్లంతా ఉప్పు పట్టి చెడకుండా ఉన్నారనీ నేను చెబుతుంటాను. నమ్మినవాళ్లున్నారు. అసలు జరిగింది ఇంతకన్నా చప్పగా ఉంటుంది. గవర్రాజు పుస్తకాలన్నీ ఆఫీసు మేడ మీదికి మోసి, ఒక్కోదాని మీద ఒక్కో రాయి పెట్టి, పదకొండు రోజులు పేజీ పేజీ తిప్పుతూ ఎండబెట్టాడు. పేజీలు బతికాయి గానీ, అట్టల మీద ఊళ్ల పేర్లు చెరిగిపోయాయి. జాబితా పుస్తకం అయితే ముద్దయిపోయింది.

అప్పుడతను ఒక పని చేశాడు. సెలవు రోజుల్లో ఒక్కో ఊరికి వెళ్లి, ఎవరో ఒకరిని అడిగి పాత గుడ్డ తెచ్చుకున్నాడు. ఏ ఊరి పుస్తకాలు ఆ ఊరి గుడ్డలో కట్టాడు. ఒక ఊరిది పసుపు చీర చెంగు. ఇంకో ఊరిది అంచు చిరిగిన పరికిణీ. బెస్తవాళ్ల ఊరి కట్టకు వల తాడు. అరల వైపు చూస్తే చాకిరేవులా ఉండేది. కొత్తగా వచ్చిన అధికారులు మొదటి రోజు నవ్వేవాళ్లు, రెండో రోజు గవర్రాజును పిలిచేవాళ్లు. ఏ గుడ్డ ఏ ఊరిదో అతని తలలో తప్ప ఎక్కడా రాసి లేదు. రాసి పెట్టమని ఎవరూ అడగనూ లేదు.

ఆ పొద్దున్న సీనియర్ అసిస్టెంట్ రోజారమణి గడప దగ్గర నిలబడింది. మద్దిలపాలెం నుంచి రెండు బస్సులు మారి వచ్చే మనిషి, మంచిదే, ఎప్పుడూ తొందరలో ఉంటుంది.

"రేపు తొమ్మిదికల్లా స్కానింగు వాళ్ల వ్యాన్ వచ్చేస్తుంది గవర్రాజు గారూ. అన్నీ పెట్టెల్లో వేసుకుని పట్టుకెళ్లిపోతారు."

"మల్లీ ఎప్పుడిచ్చెత్తారమ్మా?"

"ఆర్నెల్లంటున్నారు. మీరు ఏడాది అనుకోండి."

"గుడ్డలు మరి?"

"గుడ్డలేం చేసుకుంటారండీ వాళ్లు?"

అతను అరల వైపు ఒకసారి చూసి, చెవి వెనక పుల్లలు ఉన్నాయో లేదో తడుముకున్నాడు.

పదకొండు గంటలకు తవిటమ్మ వచ్చింది. అప్పటికి వరుసగా మూడో రోజు. గోపాలపట్నం మార్కెట్లో ఆకుకూరలు అమ్ముకునే మనిషి, యాభై ఏడేళ్లుంటాయి, భర్త పోయాడు. చేతిలో ప్లాస్టిక్ కవరు. అందులో నోటీసు. సోమవారం విచారణకు రావాలనీ, కోరాడ సింహాద్రికి కూతురినని రుజువు చూపాలనీ, చూపకపోతే ఆయన పేరు మీదున్న ఇల్లు ఖాళీ చేయాలనీ దాని సారాంశం. ఫ్యాక్టరీకి ఊరు ఇచ్చేసి లేచివచ్చినప్పుడు సింహాద్రికి కాలనీలో ఇచ్చిన స్థలం అది. తవిటమ్మ పెళ్లయ్యాక కూడా ఆ ఇంట్లోనే ఉంది, తండ్రినీ తల్లినీ ఆ గుమ్మంలోంచే సాగనంపింది. ఇప్పుడు సింహాద్రి తమ్ముడి కొడుకు దేవీప్రసాద్, ఆమె అసలు సింహాద్రి కూతురే కాదని అర్జీ పెట్టాడు.

అతని దగ్గర ఆధారం ఉంది. మునసబు ఆనాడు రాసిన జనన రిజిస్టరు నకలు. అందులో ఆ పిల్ల తండ్రి పేరు గంగరాజు అని ఉంది. గంగరాజు పక్కింటివాడు.

మా వైపువాళ్లకు ఇది అర్థమవుతుంది. తవిటమ్మకు ముందు రాములమ్మకు ముగ్గురు పుట్టి, ముగ్గురూ పురిటి నెలలోనే పోయారు. అలా పోతుంటే మా ఊళ్లలో నాలుగో బిడ్డను చేటలో పడుకోబెట్టి పక్కింటివాళ్లకు గిద్దెడు తవుడుకు అమ్మేస్తారు. ఆ బిడ్డకు తవిటయ్యో తవిటమ్మో అని పేరు పెట్టి, పరాయి బిడ్డను పెంచుతున్నట్టు తెచ్చుకుని పెంచుకుంటారు. బిడ్డ తనదని తల్లి ఎవరి దగ్గరా అనకూడదు. అంటే, ఆ ముగ్గురిని తీసుకుపోయినదేదో ఆ మాట విని నాలుగోదాని కోసం కూడా వస్తుంది. మునసబు మనిషి పుస్తకం పట్టుకుని వచ్చి అడిగితే రాములమ్మ, ఈ పిల్ల నాది కాదు, గంగరాజు పెళ్లానిది అంది. అతను అలాగే రాసుకుపోయాడు. తల్లి బిడ్డను దాచుకుంది. కాగితం యాభై ఏడేళ్లు ఊరుకుని ఇప్పుడు మాట్లాడింది.

ఇంకా ఒక సంగతుంది, అది చెప్పడానికే నాకు నోరు రావడం లేదు. ఆ నకలు కోసం దేవీప్రసాద్ అర్జీ రాయించుకున్నది నా బల్ల దగ్గరే. రెండు నెలల కిందట నల్ల కళ్లద్దాలు పెట్టుకుని వచ్చి, మా బంధువుల పుట్టిన తేదీ కావాలి తాతా అన్నాడు. నేను గుండ్రటి అక్షరాలతో, కింద గీత కొట్టి మరీ రాసిచ్చాను. గవర్రాజు పది నిమిషాల్లో నీలం గళ్ల లుంగీ కట్ట విప్పి, పేజీకి పుల్ల పెట్టి తెచ్చాడు. పని బేగి చేసినందుకు ఆ రోజు ఇద్దరం ఒకరినొకరు మెచ్చుకున్నాం కూడా. ఒక మనిషిని ఇంట్లోంచి గెంటడానికి కావలసిన కాగితం అంత నీటుగా తయారుచేసి ఇచ్చింది మేమిద్దరమే.

తవిటమ్మకు ఈ సంగతి గవర్రాజే చెప్పాడు, ఆమె వచ్చిన మొదటి రోజునే. నేనైతే చెప్పేవాణ్ని కాను.

"మాయమ్మ అబద్దం సెప్పినాదేటి అన్నియ్యా?" అని అడిగింది ఆమె.

"అబద్దం కాదమ్మా. బయపడినాది."

"మరి కాయితం అలగే రాసీసినారు గదా."

"ఆ కాయితం నాను తీసిందే. నానే ఇంకోటి తీత్తాను," అన్నాడు.

తీస్తానన్నాడు గానీ రెండు రోజులు వెతికినా ఏదీ పనికిరాలేదు. ఓటర్ల జాబితాలో ఆమెకు భర్త పేరుంది. రేషను పుస్తకాలు తుఫానులో పోయాయి. బడికి వెళ్లలేదు కనుక బడి కాగితం లేదు. ఊరు ఇచ్చినందుకు సింహాద్రికి ఇచ్చిన కార్డు మీద పిల్లల పేర్లు రాసే గడి ఖాళీగా ఉంది. బిడ్డ తనదని రాయించడానికి ఆ మనిషీ భయపడే ఉంటాడు.

"నీ పేరేంటి, నీ అవస్థేంటి," అని నేను పరాచికమాడాను. "గిద్దెడు తవుడు తిరిగిచ్చేస్తే బేరం రద్దయిపోతుందేమో కనుక్కో."

"ఇచ్చెద్దును బాబూ. గంగరాజు పోయి ఇరవయ్యేల్లు. ఎవులికిచ్చేది?" అంది నవ్వకుండా.

మధ్యాహ్నం ముగ్గురం వరండాలో కూర్చున్నాం. గవర్రాజు స్టీలు క్యారియర్‌లో చోడి అంబలి, రెండు వేయించిన ఎండు నెత్తళ్లు. అతని భార్య గౌరీశ్వరి ఒక హాస్టల్లో వంటకు వెళుతుంది, నాలుగింటికి లేచి కాచి పెడుతుంది. అతను చేప ముక్క విరిచి, తినకుండా ఎడమ ఛాతీ మీద అరచేత్తో రాసుకున్నాడు.

"ఏటైనాది?" అన్నాను.

"గేసు బావా."

"వారం నుంచీ గేసేటి? డాక్టరు దగ్గిరికెల్లొచ్చు గదా."

"రేపెల్తాను. కట్టలన్నీ ఒట్టుకెల్లిపోతే రేప్పొద్దుట్నుంచి నాకేటి పని? కాలీయే."

ఖాళీ అని ఎంత తేలిగ్గా అన్నాడు. ఆ ఆఫీసులో అతనికి నిజానికి ఉద్యోగమే లేదు. ముప్పై ఒక్క ఏళ్ల కిందట మంచినీళ్లు మోయడానికి వచ్చాడు. అప్పటి తహశీల్దారు రెండు రోజులు రికార్డు గది దులపమన్నాడు. ఆ రెండు రోజులూ ఇంకా అయిపోలేదు. జీతం కుండలు, చీపుర్లు కొనే పద్దు కింద వచ్చేది. పర్మినెంటు చేయమని మూడుసార్లు నేనే అర్జీ రాశాను. మూడుసార్లూ ఒకటే జవాబు: ఏ తేదీన చేరాడో ఆధారం చూపాలి. ఆ ఆధారం కోసం గవర్రాజు తన గదినే తిరగేశాడు. ఊరందరి పుట్టుకలూ చావులూ తీయగలిగినవాడికి తను ఆ గదిలో ఉన్నట్టు ఒక్క ముక్క దొరకలేదు. ఎవరూ రాయలేదు మరి.

తవిటమ్మ చెంగుతో మెడ తుడుచుకుంటుంటే జాకెట్టు చెయ్యి పైకి జరిగింది. భుజం కింద రూపాయి కాసంత మచ్చ, దాని పక్కన ఇంకోటి. గవర్రాజు ఆ మచ్చల వైపు వంగాడు.

"ఏటది?"

"టీకా అన్నియ్యా. మా ఈడోలందరికీ ఉంతాది గదా. పసిపిల్లప్పుడు ఇంటికొచ్చి గీకినారట. నాను ఏడిసి ఏడిసి ఈదంతా లేపీసినానని మాయమ్మ సెప్పీది."

"అప్పుడు నిన్నెవులెత్తుకున్నారు?"

"ఇంకెవులెత్తుకుంతారు? అమ్మే."

గవర్రాజు చేప ముక్కను క్యారియర్ మూతలో పెట్టేశాడు. "టీకాలోలు మునసబు మాటిని రాయరు బావా. ఇల్లిల్లు తిరిగి, ఏ ఇంట్లో ఏ పిల్లున్నాదో సూసి రాత్తారు. ఆలు రాసిన పుస్తకం మునసబుల దగ్గిర ఒకోటి ఉండీది. ఎర్రట్ట, బుడ్డిది. తుఫానప్పుడు ఆరబెట్టినాను."

"ఏ కట్టలో ఉన్నాదో గుర్తుందేటి?"

"గుర్తుంటే ఇక్కడెందుకు కూకుంతాను? పేరు సెరిగిపోతే ఏ ఊరిదో తెల్లేదు. ఏదో కట్టలో దూర్చీసినాను." లేచి చేతులు కడుక్కున్నాడు. "తవిటమ్మా, ఎల్లిపోకు. ఇక్కడే ఉండు."

తలుపు మళ్లీ మూలిగింది. లోపలికి వెళ్లి వెనక నుంచి మూసుకున్నాడు. తెరిచి ఉంచితే గాలికి పేజీలు లేస్తాయి.

మొదట్లో చెప్పిన గొప్పను మీరు మర్చిపోయినా నేను మర్చిపోలేదు. ఇక దాన్ని దించేస్తాను, మోయలేక మెడ నొప్పెడుతోంది. ఆ రోజు దాకా ఇరవై ఎనిమిదేళ్లలో నేను ఆ గదిలో ఒక్కసారి కూడా అడుగుపెట్టలేదు. ఒకే ఒకసారి గడప దాటబోతే నెత్తిన బల్లి పడింది, అంతటితో సరి. ఫలానా కాగితం ఇప్పించగలరు అని రాయడం వరకే నా వంతు. ఇప్పించినవాడు అతను. జనం మాత్రం నాకు దండం పెట్టి వెళ్లేవారు. గవర్రాజు అది చూస్తూ నవ్వుకునేవాడే గానీ ఒక్కనాడూ పోటీకి రాలేదు. పెళ్లి కాలేదని తేల్చింది కూడా అతనే. తేల్చి, ఆ నలుగురు పిల్లల తండ్రిని పక్కకు తీసుకెళ్లి టీ ఇప్పించాడు. ఆ టీ సంగతి నేను ఎప్పుడూ ఎవరికీ చెప్పలేదు.

లోపల ఏం జరిగిందో నేను చూడలేదు. తరువాత నేల మీద దుమ్ములో ఉన్న గుర్తులను బట్టి చెబుతున్నాను. ముందు కింది అరలోని కట్టలు విప్పాడు. ఒక్కోటీ చూసి, మళ్లీ అదే ముడి వేసి, తీసిన చోటే పెట్టాడు. రేపు పెట్టెల్లోకి పోయే కట్టలకు కూడా ముడి సరిగ్గానే వేశాడు. నిచ్చెన మూడు చోట్లకు జరిపాడు. మూడు చోట్లా దాని కాళ్ల గుర్తులున్నాయి. మూడోచోట, కిటికీ పక్క పై అరలో, పరికిణీ గుడ్డ కట్ట. దాన్ని దించడానికి ఎడమ భుజం ఆనించి ఉంటాడు. గోడకు చెయ్యి జారిన గీత ఒకటి ఉంది.

బయట మేం కూర్చునే ఉన్నాం. కొండ వైపు నుంచి మేఘం కమ్మింది గానీ వాన రాలేదు. దగ్గు వినిపించేది, ఆగేది, మళ్లీ వినిపించేది. మూడున్నర ప్రాంతంలో లోపలి నుంచి కేక వినిపించింది.

"దొరికినాది బావా."

తవిటమ్మ దిగ్గున లేచింది. నేను కూర్చోమన్నాను. దొరికాక అతనికి తొందర ఉండదు. పుల్ల కొస నమలాలి, పేజీకి పెట్టాలి, కట్ట మళ్లీ కట్టాలి, దుమ్ము దులుపుకుని మనిషిలా బయటికి రావాలి. అరగంట పడుతుంది. ఆమె మళ్లీ మెట్టు మీద కూర్చుని, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, తలుపు వైపే చూస్తూ ఉండిపోయింది. నేను నకలు అర్జీ ముందే రాసి సిద్ధంగా పెట్టాను. తారీకు కూడా వేశాను.

ఐదు గంటలకు రోజారమణి తాళం వేయించడానికి వచ్చింది. తలుపు తోసింది, రాలేదు. ఆమెకు ఆ పద్ధతి తెలియదు. నేను వెళ్లి భుజంతో తోశాను, బొటనవేలితో లేపాను. చూసి చూసి నేర్చుకున్న విద్య అలా పనికొచ్చింది.

గవర్రాజు కిటికీ కింద గోడకు ఆనుకుని కాళ్లు చాపుకుని కూర్చుని ఉన్నాడు. ముక్కుకు కట్టిన తువ్వాలు గడ్డం కిందికి జారింది. పక్కన పరికిణీ గుడ్డ పరిచి ఉంది, పుస్తకాలన్నీ దాని మీద వరుసగా ఉన్నాయి, ఇంకా ముడి వేయలేదు. ఒళ్లో చిన్న ఎర్రట్ట పుస్తకం. మూసి ఉంది. అందులోంచి చీపురు పుల్ల వేలెడు బయటికి వచ్చి ఉంది. చెయ్యి పట్టుకుంటే అప్పటికే చల్లబడింది.

నూటఎనిమిది వాళ్లు వచ్చేదాకా చేయడానికేమీ లేదు. రోజారమణి ఏడుస్తూనే ఆ పుస్తకం తీసుకుని పుల్ల దగ్గర తెరిచింది. ఏం చేయాలో తోచనప్పుడు మనిషి చేతికి అలవాటైన పనే చేస్తుంది. పైకే చదివింది. ఇంటి నంబరు పదిహేడు. పిల్ల పేరు తవిటి, వయసు నాలుగు నెలలు. తండ్రి కోరాడ సింహాద్రి. తల్లి రాములమ్మ. చివరి గడిలో, ఎక్కడి నుంచో వచ్చిన ఆ టీకాల ఉద్యోగి, మా ఆచారం తెలియక ఆశ్చర్యపోయి, సన్నటి అక్షరాలతో రాసుకున్నాడు:

'ఈ బిడ్డ తనది కాదని ఈమె చెప్పుచున్నది. టీకా వేసిన పిమ్మట బిడ్డ ఏడ్వగా తానే పాలిచ్చినది. తవుడునకు అమ్మినారట. కావున ఈమెనే తల్లిగా వ్రాసినాను.'

తవిటమ్మ పుస్తకం వైపు రాలేదు. గవర్రాజు పక్కన కూర్చుని, అతని గడ్డం కింది తువ్వాలు విప్పి, మొహం మీది దుమ్ము తుడిచింది. చెవి వెనక మిగిలిన పుల్లలు తీసి నా చేతిలో పెట్టింది.

ఆ మర్నాడు గౌరీశ్వరి వచ్చి చెప్పులు, క్యారియర్ పట్టుకెళ్లింది. క్యారియర్‌లో చేప ముక్క అలాగే ఉంది. మరణం నమోదు చేసే కాగితం నేనే నింపాను. వృత్తి అనే గడి దగ్గర ఆగాను. మా ఆఫీసు అని రాయడానికి వీల్లేదండీ, రోల్స్‌లో లేరు కదా, అంది రోజారమణి తల దించుకుని. నేను కాదనలేదు, పోట్లాడలేదు. కూలీ అని రాశాను. గుండ్రటి అక్షరాలతోనే.

తొమ్మిదికల్లా వ్యాన్ వచ్చింది. మధ్యాహ్నానికి గుడ్డలన్నీ విప్పి పెరట్లో కుప్ప వేశారు. చీర చెంగు, పరికిణీ, గళ్ల లుంగీ, వల తాడు. రెండు రోజులు డ్రైవర్లు వాటితో జీపులు తుడిచారు. తరువాత ఎవరో అగ్గిపెట్టారు. పెట్టెలు వెళ్లి పది నెలలైంది, తిరిగి రాలేదు. జనం ఇంకా నా బల్ల దగ్గరికి వస్తారు. ఇప్పించగలరు అని రాస్తాను. అందుబాటులో లేదు అని వస్తుంది. నన్ను చూసి దండం పెట్టేవాళ్లు ఇప్పుడు తక్కువ. అందుకు నేనేమీ బాధపడటం లేదు, ఆ దండాలు నావి కావు కదా.

ఎర్రట్ట పుస్తకం మాత్రం రోజారమణి వ్యాన్‌కు ఎక్కనివ్వలేదు. విచారణలో ఉన్న రికార్డు అని చెప్పి తన బీరువాలో పెట్టి తాళం వేసింది. సోమవారం వాయిదా పడింది, తరువాతిదీ పడింది, మూడో వాయిదాకు ఆర్డరు వచ్చింది. ఇల్లు తవిటమ్మకే ఉంది. దేవీప్రసాద్ పై కోర్టుకు వెళతానన్నాడు, వెళ్లాడో లేదో తెలియదు.

ఇంత చెప్పాక, నేను కల్పించింది ఏదో కూడా చెప్పి లేస్తాను. ఆ టీకాల ఉద్యోగి రాతను మీరు అనుమానిస్తున్నారని తెలుసు. నా నోట విన్నది ఏదైనా అనుమానించడం మంచిదే. కానీ అది అక్షరం అక్షరం నిజం, ముద్ర వేసిన నకలు తవిటమ్మ దగ్గరుంది. గుడ్డల కట్టలు నిజం. కుండల పద్దు నిజం. నేను కల్పించింది ఆ కేక. గవర్రాజు ఏమీ అనలేదు. మూడింటికి దగ్గు ఆగింది. మళ్లీ వినిపించలేదు. నేను విన్నాను, ఆగిందని తెలుసు, లేచి చూద్దామనుకున్నాను, దుమ్ము గుర్తొచ్చి కుర్చీలోనే కళ్లు మూసుకున్నాను. ఐదింటి దాకా నిద్రపోయాను. గౌరీశ్వరి వచ్చి, చివరికి ఏమైనా అన్నాడా అని అడిగినప్పుడు నోటికొచ్చింది చెప్పాను. పక్కనే ఉన్న తవిటమ్మ, ఔను నానూ ఇన్నాను అంది. ఇప్పుడు నిజంగానే విన్నానంటోంది, మార్కెట్లో అందరికీ చెబుతోంది. వద్దనడానికి నేనెవరిని.

పుల్ల సంగతి మాత్రం కల్పన కాదు. బీరువాలో, ఆ పుస్తకంలో, ఆ పేజీలోనే ఉంది. వేలెడు బయటికి, కొస మెత్తగా నమిలి.